పాప ఎడమ చెంప

మా పాప ముఖం మీది వెంట్రుకలను మొదట గమనించింది మా అత్తగారు. పాపకు అప్పుడు తొమ్మిదో నెల. స్నానం చేయించి, తువ్వాలులో చుట్టి, బాల్కనీ తలుపు దగ్గర వెలుతురులో ఒళ్లో కూర్చోబెట్టుకుని, ముఖం అటూ ఇటూ తిప్పి చూశారు. నలుగు సరిగ్గా పెట్టడం లేదని తీర్పు చెప్పేశారు. ఆవిడది కాకినాడ, పాపను చూడటానికి అప్పుడే మా ఇంటికి వచ్చారు. పసిపిల్లల ఒంటి మీద ఏది కనిపించినా ఆవిడ దగ్గర దానికో పిండి ఉంటుంది. మర్నాటి నుంచి పెసరపిండిలో పసుపూ మీగడా కలిపి పాప నుదురూ చెంపలూ వీపూ రుద్దడం మొదలుపెట్టారు. పాప గుక్కపట్టి ఏడ్చేది. వెంట్రుకలు మాత్రం పోలేదు. రెండు వారాలు తిరిగేసరికి ఇంకాస్త నల్లబడ్డాయి.

పసిపిల్లలకు నూగు ఉండటం వింతేమీ కాదు. ఇది నూగు కాదు. నుదుటి మీద జుట్టు ఎక్కడ ఆగిందో, కనుబొమలు ఎక్కడ మొదలయ్యాయో చెప్పడం కష్టమైపోయింది. చెవుల పక్కగా దిగి చెంపల మీదికి పాకింది. వీపు మీద వెన్నెముక వెంట ఒక చార. ఆఖరికి మోకాళ్ల మీద కూడా. లిఫ్టులో పక్క ఫ్లాట్ల వాళ్లు పాపను ముద్దు చేయబోయి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు ముద్దు చేసేవాళ్లు. ఆ ఒక్క క్షణం నేను లిఫ్టు అంకెల వైపు చూసేవాణ్ని.

మా ఆవిడ ఒకరోజు ఆఫీసు నుంచి ఫోన్ చేసింది. మధ్యాహ్నం భోజనం మానేసి ఇంటర్నెట్‌లో చదివిందట. చిన్నపిల్లలకు ఇలా ఒళ్లంతా వెంట్రుకలొస్తే హార్మోన్ల తేడా కావచ్చట. మూత్రపిండాల మీద ఉండే చిన్న గ్రంథుల్లో గడ్డ కూడా కావచ్చట. నేను ఏదో ధైర్యం చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు గానీ చెబుతున్నంతసేపూ నా చెయ్యి నా తల మీదే ఉంది. అది మాత్రం బాగా గుర్తు.

ఇక్కడ నా తల సంగతి చెప్పాలి. ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు కాబట్టి రాయడానికి కూడా చెయ్యి సాగడం లేదు. ఇరవై ఏడో ఏట నా నడినెత్తి పలచబడటం మొదలైంది. పెళ్లి సంబంధాలు చూస్తున్న రోజులవి. కొండాపూర్‌లో ఒక చర్మం డాక్టరు దగ్గరికి దొంగచాటుగా వెళ్తే మినాక్సిడిల్ అనే మందు రాసిచ్చాడు. నీళ్లలాంటి మందు. రోజూ రెండు పూటలా మాడుకు పట్టించాలి. మొదటి నెలలో ఉన్నవి కూడా రాలిపోతుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. అలా రాలితేనే పనిచేస్తున్నట్టు అన్నాడు డాక్టరు. నాలుగైదు నెలలకు నిజంగానే మొలిచాయి. కానీ ఇంకో మాట కూడా అన్నాడు. మానేస్తే ఈ మందు వల్ల మొలిచినవన్నీ పోతాయి. అంటే నేను ఇక ఆ సీసాకు బానిసను. పెళ్లయింది, పాప పుట్టింది, సీసా మాత్రం అలమరలో పాత చార్జర్ల డబ్బా అడుగున అలాగే ఉంది. ఆ డబ్బా వైపు ఇంట్లో ఎవరూ చూడరు. ఐటీ వాడి ఇంట్లో పాత చార్జర్ల డబ్బాను మించిన దాపరికం లేదు.

పాపకు ఆరో నెల నిండగానే మా ఆవిడ సెలవు అయిపోయింది. ఆమె ఆఫీసు నానక్‌రామ్‌గూడలో, రోజూ వెళ్లాల్సిందే. నాకు వారంలో మూడు రోజులు ఇంటి నుంచి పని. పాపను చూసుకోవడానికి కొత్తగూడ నుంచి ఒకామె వచ్చేది, ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగిన మనిషి. ఆమె పదకొండు గంటలకు వస్తుంది. మా టీమ్ మీటింగు పదింటికి. ఆ గంటసేపూ పాప నాది. కెమెరా ఆపేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పాపను మెడ మీద ఎక్కించుకుని హాల్లో తిరిగేవాణ్ని. పాప రెండు చేతులతో నా జుట్టు పట్టుకుని, చెంప నా నడినెత్తికి ఆన్చి, కాసేపు నాలుకతో నాకి, అలాగే నిద్రపోయేది. సొంగ నా చెవి మీదుగా కారేది. నేను మాత్రం అవతలి వాళ్లకు రిలీజ్ తేదీలు చెబుతూ ఉండేవాణ్ని. నా జీవితంలో అంతకంటే మంచి గంట లేదు. ఆ గంటకు అరగంట ముందు, స్నానం కాగానే, నేను మాడుకు మందు పట్టించేవాణ్ని.

ఈ రెంటికీ ముడి పెట్టుకోలేదా అని మీరు అడగొచ్చు. పెట్టుకోలేదు. నిజంగానే తట్టలేదో, తట్టకుండా నేనే అడ్డుపడ్డానో ఇప్పటికీ చెప్పలేను.

పిల్లల డాక్టరు దగ్గరికి అందరం కలిసి వెళ్లాం. పెద్దావిడ, హైదరాబాదీ, నింపాదిగా మాట్లాడే మనిషి. పాప బట్టలు విప్పించి, భూతద్దంతో వీపూ మోకాళ్లూ చూసి, కడుపు నొక్కి చూసి, కుర్చీలో కూర్చుని మావైపు తిరిగింది. పాపకు ఏమైనా మందులు వాడుతున్నారా అంది. లేదన్నాం. పాలిచ్చే తల్లి ఏమైనా వాడుతోందా అంది. లేదంది మా ఆవిడ. అప్పుడు అడిగింది.

"ఇంట్లో ఎవరన్నా జుట్టు పెరగడానికి మందు వాడుతున్నారా? లోషన్, ఫోమ్, ఏదైనా?"

నా ఎడమ పక్క మా ఆవిడ, కుడి పక్క మా అత్తగారు. ముగ్గురం ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకున్నాం. తేలు కుట్టిన దొంగ అరవడంటారు. నేను అరవకపోగా, నవ్వాను కూడా.

"లేదండీ" అన్నాను.

ఏళ్ల తరబడి అలవాటైన నోరు, ఆలోచించేలోపే అబద్ధం చెప్పేసింది. డాక్టరు తలూపి చీటీ రాసింది. హార్మోన్ల రక్తపరీక్షలు. మర్నాడు పొద్దున పరగడుపున కడుపు స్కానింగు. రక్తం అప్పుడే తీశారు. పాప చేతిలో నరం దొరకలేదు. ఆ చెయ్యి వదిలి ఈ చెయ్యి, ఈ చెయ్యి వదిలి మడమ దగ్గర. మూడోసారికి దొరికింది. పాపను కదలకుండా పట్టుకున్నది నేనే. ఏడ్చి ఏడ్చి నన్నే చూస్తోంది, నేనే కాపాడతానని.

ఇంటికొచ్చాక పాపను కొత్తగూడ ఆమె ఎత్తుకుంది. చేతులకూ మడమకూ అంటించిన దూది చూసి తనూ కళ్లు తుడుచుకుంది. పాపకు పాలు పట్టి, భుజం మీద వేసుకుని నిద్రపుచ్చుతూ, ముఖాన్ని పరీక్షగా చూసింది. మా ఆవిడా అత్తగారూ లోపలి గదిలో ఉన్నారు. నేను హాల్లో లాప్‌టాప్ ముందు ఊరికే కూర్చున్నాను.

"జర ఇటు చూడుండ్రి సారూ" అంది. "గీ చెంప మీద కొంచెమే ఉన్నయ్. గీ ఎడమ దిక్కు చెంప మీద దండిగ ఉన్నయ్. రోజు మీ నెత్తి మీద ఆన్చి పండుకునేది గీ దిక్కే గద?"

ఆమెకు ఏ అనుమానమూ లేదు. చూసింది చెప్పింది, అంతే. మీటింగుందని చెప్పి పడగ్గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను. చార్జర్ల డబ్బా తీశాను. సీసాతో వచ్చిన కాగితాన్ని అన్నేళ్లలో ఒక్కసారి కూడా విప్పి చదవలేదు. చీమ తలకాయలంత అక్షరాలు. చదివాను. పిల్లలకు దూరంగా ఉంచమని ఉంది. అది ప్రతి మందు మీదా ఉండేదే కదా అని ఇన్నాళ్లూ వదిలేశాను. అప్పుడు లాప్‌టాప్ తెరిచి, ఆ మందు అసలు ఏం చేస్తుందో మొదటిసారిగా చదవడం మొదలుపెట్టాను. ఉద్యోగంలో ఒక్క లైను కోడ్ కూడా ఏం చేస్తుందో తెలియకుండా లోపలికి రానివ్వను నేను. సొంత తలకు మాత్రం ఏళ్ల తరబడి ఏం పూస్తున్నానో తెలియదు.

ప్రతి వెంట్రుకా చర్మంలో ఒక కుదురులోంచి మొలుస్తుందట. కుదురు అడుగున చిన్న బొడిపె. ఆ బొడిపెలోని కణాలు పక్క కణాలకు కబురు పంపితే అవి రెండై, నాలుగై, పైకి తోసుకొస్తాయి. అదే వెంట్రుక. కొన్నేళ్లు పెరిగి, కుదురు ముడుచుకుని, కొన్నాళ్లు పడుకుని, పాతదాన్ని రాల్చి మళ్లీ మొదలుపెడుతుంది. బట్టతలలో ఆ పెరిగే కాలం ఏటికేడాది కుదించుకుపోతుంది. కుదురు చిన్నదై చివరికి నూగు తప్ప ఇంకేమీ మొలిపించలేదు. ఈ మందు సీసాలో ఉన్నప్పుడు దాదాపు నిద్రలోనే ఉంటుంది. కుదురులో ఉండే ఒక ఎంజైము దాని రూపం మార్చాకే పనిలోకి దిగుతుంది. దిగి, కణాల పొరలో పొటాషియం రాకపోకలకున్న తలుపులు తెరుస్తుంది. ఆ తలుపులు తెరుచుకుంటే రక్తనాళాల చుట్టూ ఉన్న కండరం సడలుతుంది, నాళం వెడల్పవుతుంది. బొడిపెలోని కణాలు కొత్త రక్తనాళాలను రప్పించే పదార్థాలను వదులుతాయి. పడుకున్న కుదుళ్లు వేళకు ముందే లేచి పెరగడం మొదలుపెడతాయి. లేస్తూ పాత వెంట్రుకలను బయటికి తోసేస్తాయి. మొదటి నెలలో నా జుట్టు ఎందుకు రాలిందో అప్పుడు అర్థమైంది. ఇందులో ఏది ఎంతవరకు కారణమో శాస్త్రవేత్తలకే ఇంకా పూర్తిగా తేలలేదని కూడా ఉంది.

అక్కడిదాకా ఏదో పాఠంలా చదివాను. ఆ తర్వాతి మాటను రెండుసార్లు చదివాను. ఈ మందు పుట్టింది జుట్టు కోసం కాదు. రక్తపోటు తగ్గించడానికి. మాత్రలు మింగిన రోగులకు ఒళ్లంతా వెంట్రుకలు రావడం చూసి, తర్వాత దాన్ని తలకు పూసే మందుగా చేశారు.

ఒళ్లంతా. నేను కుర్చీలోంచి లేచాను. చెంప సంగతి సరే, చెంప నా తలకు తగిలింది. వీపు తగల్లేదు. మోకాళ్లు నా మెడకు అటూ ఇటూ వేలాడేవి, నా మాడుకు ఎన్నడూ తగల్లేదు. మరి మోకాళ్ల మీదికి ఎలా వచ్చింది? బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టకురా అని మా నాన్న నన్ను చిన్నప్పుడు వందసార్లు తిట్టి ఉంటాడు. ఇప్పుడు ఆ ముడి నా కళ్లముందే పడింది. పసిచర్మం పలచన. చెంప గుండా లోపలికి ఇంకింది. నాకినప్పుడు నోటి గుండా దిగింది. రక్తంలో కలిసి మోకాళ్లదాకా వెళ్లింది. రక్తంలో వెళ్లిందంటే దారిలో గుండెను దాటుకునే వెళ్లింది. తొమ్మిది నెలల పిల్ల గుండె. అక్కడ ఎన్ని తలుపులు తెరిచిందో, ఎంత సడలించిందో నాకు తెలియదు. మందుకు అది నా తలా, పాప చెంపా అన్న తేడా తెలియదు. ఎవరి కుదురు దొరికితే వాళ్లది లేపుతుంది.

భయమంటే నాకు అప్పుడు తెలిసింది. గడియ తీసుకుని హాల్లోకి పరిగెత్తాను. పాప నిద్రపోతోంది. ఛాతీ మీద రెండు వేళ్లు పెట్టి లెక్కపెట్టాను. పిల్లల గుండె మనకంటే వేగంగానే కొట్టుకుంటుందని తెలుసు, ఎంత వేగమైతే ప్రమాదమో తెలియదు. కొత్తగూడ ఆమె నన్ను వింతగా చూసి, పరేషాన్ కావొద్దు సారూ, పిల్ల మంచిగనే ఉన్నది అంది. నేను నిలబడే ఉన్నాను. ఆ క్షణంలోనైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు. సీసా తీసి మందంతా బాత్రూములో పారబోశాను, తల నాలుగుసార్లు కడిగాను. దిండు గలీబులు మార్చాను. పాపను మాత్రం ముట్టుకోలేదు. సాయంత్రం నా దగ్గరికి రావడానికి చేతులు చాస్తే, ఆఫీసు పని ఉందని తప్పుకున్నాను. రేపు స్కానింగులో ఏమీ రాదు, ఆ తర్వాత అదే తగ్గిపోతుంది, ఎవరికీ చెప్పక్కర్లేదు అని లెక్కలు వేసుకున్నాను. ఛీ, ఇది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

పొద్దున పాపకు పాలివ్వకుండా తీసుకెళ్లాం. స్కానింగు గది బయట కూర్చున్నాం. ఆకలికి పాప మా ఆవిడ జాకెట్టు పట్టుకుని లాగుతోంది. మా ఆవిడ మెడ పక్కకు తిప్పుకుని గోడను చూస్తోంది. గడ్డ ఉంటే ఆపరేషన్ చేస్తారా, అంత చిన్న ఒళ్లు ఎక్కడ కోస్తారు అని గోడనే అడిగింది. ఏడవడం లేదు, ఏడుపు కూడా అయిపోయింది. పాప ఏడ్చి ఏడ్చి అలసి ఒక్కసారిగా మెత్తబడి తల వాల్చేసింది. నిద్రే. నాకు మాత్రం పాప గుండె ఆగిపోయిందేమో అనిపించింది. లేచాను. డాక్టరు గదిలోకి, ఎవరో పేషెంటు ఉండగానే దూరాను. నా వెనకే మా ఆవిడా అత్తగారూ పాపను తీసుకుని పరిగెత్తుకొచ్చారు.

"నేను వాడుతున్నాను డాక్టర్, జుట్టు మందు" అన్నాను. "రోజూ పాప నా తల మీద పడుకునేది. నాకేది కూడా. ముందు గుండె చూడండి."

డాక్టరు లోపలున్న పేషెంటును బయటికి పంపింది. నా మీద అరవలేదు. ఏ మందు, ఎంత శాతం, ఎన్ని నెలలు అని అడిగి రాసుకుంది. అరచేతి వెడల్పున్న పట్టీతో పాప రక్తపోటు చూసింది. ఛాతీ మీద బిళ్లలంటించి ఈసీజీ తీయించింది. కొంచెం వేగంగా ఉంది, ఆకలికీ ఏడుపుకీ అయినా కావచ్చు, పాలిచ్చి మళ్లీ చూద్దాం అంది. ఆ గంటన్నర ఎలా గడిచిందో నన్ను అడగకండి. రెండోసారి అంతా బాగానే ఉంది. అప్పుడు కళ్లజోడు తీసి నన్ను చూసింది.

"నిన్న అడిగితే లేదన్నరు గదా. సిగ్గు మీది, సూదులు పాపకు పడ్డయి" అంది.

స్కానింగు అప్పటికి వద్దంది. రక్తపరీక్షల ఫలితాలు చూద్దాం, ఆ మందు ఇంట్లోనే ఉండకూడదు, దుప్పట్లన్నీ ఉతకండి అంది. వెంట్రుకలు మాత్రం వెంటనే పోవట. లేచిన కుదురును ఎవరూ జోకొట్టి పడుకోబెట్టలేరు. దాని పెరుగుదల అది ముగించుకుని అదే ముడుచుకోవాలి. కొన్ని నెలలు పడుతుంది. తగ్గకపోతే అప్పుడు గడ్డ సంగతి మళ్లీ చూడాల్సిందే అంది. కాబట్టి భయం తీరలేదు, నెలల మీదికి వాయిదా పడింది.

మా ఆవిడ కారులో ఒక్క మాటే అంది. "స్కానింగులోకి తోసేదాకా చెప్పేవాడివి కాదు కదా నువ్వు." తర్వాత మూడు వారాలు నాతో పాప పాల డబ్బా గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. రక్తపరీక్షలు మామూలుగానే వచ్చాయి. అయినా నేను ప్రతి ఉదయం పాపను బాల్కనీ వెలుతురులోకి తీసుకెళ్లి ఎడమ చెంప చూసేవాణ్ని. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉందా? ఒక్కోరోజు తగ్గినట్టుండేది, మర్నాడు పెరిగినట్టుండేది. ఈలోగా నా జుట్టు రాలడం మొదలైంది. దువ్వెన నిండా, స్నానాల గదిలో జాలీ నిండా. ఏళ్ల తరబడి ఒక్కో వెంట్రుకకూ వణికినవాణ్ని, ఇప్పుడు రాలిన ప్రతిదాన్నీ చూసి నాదానితో పాటు పాపదీ రాలాలి తల్లీ అని మొక్కుకునేవాణ్ని.

మూడో నెలలో పాప తెల్ల దుప్పటి మీద సన్నటి వెంట్రుకలు కనిపించాయి. గుప్పిట్లో పోగుచేసి అత్తగారికి చూపించాను. నాలుగో నెలకు నుదురు బయటపడింది. మోకాళ్లు నున్నబడ్డాయి. ఆఖరున ఎడమ చెంప.

ఆవేళ అత్తగారు నాకు కాఫీ తెచ్చిచ్చారు. నా నడినెత్తి అప్పటికి పళ్లెంలా మెరుస్తోంది. నేను తల పైకెత్తకుండానే, మీకు మొదటే చెప్పేయాల్సింది అత్తయ్యగారూ అన్నాను. పెళ్లికి ముందే చెప్పాల్సింది, మోసం చేశాను అన్నాను.

కాఫీ తాగి కప్పు కింద పెట్టాను.

"పెళ్లిచూపుల్లో మీకు కాఫీ ఇచ్చింది నేనేనండి" అన్నారు. "మీరు కూర్చున్నారు, నేను నిలబడ్డాను. ఆ రోజే కనిపించింది నడినెత్తి. మీరు వెళ్లాక అమ్మాయికి చెబితే, తనూ చూశానంది. చూసే ఒప్పుకుందండి."

ఖాళీ కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు. నేను అక్కడే కూర్చున్నాను. ఎవరికీ తెలియకూడదని నేను అన్నేళ్లు దాచిన బట్టతల ఇంట్లో అందరికీ మొదటిరోజే తెలుసు. తెలియనిది పాపకొక్కదానికే. అది ఆ తల మీదే చెంప ఆన్చి నిద్రపోయింది.